నిషేధించిన మాత్ర అమ్మిన వాళ్ల మీద మా అమ్మ కేసు: నా అనుభవం

2011 జూన్‌లో మా అమ్మకు చలిజ్వరం వచ్చింది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. మా టౌనులోని ఒక నర్సింగ్ హోంలో డాక్టరుగారు గాటిఫ్లాక్సాసిన్ 400 రాశారు, రోజుకొకటి చొప్పున ఏడు రోజులకి. కింద ఉన్న మందుల షాపులోనే కొన్నాను. ఆ మందును మన దేశంలో నోటి ద్వారా గాని, ఇంజెక్షన్‌గా గాని మనుషులకు ఇవ్వకూడదని కేంద్ర ప్రభుత్వం అప్పటికి మూడు నెలల ముందే, మార్చి 16న, గెజిట్‌లో నిషేధించింది. నాకు తెలియదు. తమకూ తెలియదని డాక్టరుగారూ, షాపు వాళ్లూ తర్వాత వినియోగదారుల ఫోరంలో రాసిచ్చారు.

అమ్మకు అప్పుడు 62 ఏళ్లు. ఆరేళ్లుగా షుగరు. పొద్దున గ్లిబెన్‌క్లమైడ్ ఒకటి, రెండు పూటలా మెట్‌ఫార్మిన్. గాటిఫ్లాక్సాసిన్ మూడో మాత్ర వేసుకున్న రాత్రి, తెల్లవారుజామున నాలుగింటికి దబ్బున చప్పుడైతే లేచాను. అమ్మ మంచం పక్కన కూలబడి ఉంది. జాకెట్టు పిండితే నీళ్లు కారేలా తడిసిపోయింది. పిలిస్తే నా వైపు చూస్తోంది గాని నన్ను చూడటం లేదు. ఎప్పుడో పోయిన మా పెద్దమ్మ పేరు పెట్టి పిలుస్తోంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళితే అక్కడ రక్తంలో షుగరు చూసి 31 అన్నారు, ప్రమాదకరంగా తక్కువ. డెక్స్‌ట్రోస్, అంటే గ్లూకోజు, ఎక్కించగానే కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది. హమ్మయ్య అనుకున్నాను. గంటన్నర తిరక్కుండానే మళ్లీ పడిపోయింది. పట్నంలో పెద్దాసుపత్రికి మార్చాం. రెండు రోజులు అదే వరస: ఎక్కిస్తే లేవడం, కాసేపటికి జారిపోవడం. నాలుగో రోజుకి షుగరు నిలబడింది. కానీ అమ్మ పూర్తిగా వెనక్కి రాలేదు. తిన్నది మర్చిపోతుంది. ఇప్పుడడిగిందే మళ్లీ అడుగుతుంది. కుడిచేయి పట్టు తప్పింది.

అక్కడ డ్యూటీలో ఉన్న ఒక కుర్ర డాక్టరు, వాడిన మందులన్నీ చూపించమంటే నేను సంచి బోర్లించాను. ఆ స్ట్రిప్పు తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఇంకా అమ్ముతున్నారా మేడమ్?" అన్నాడు. ఆ ఒక్క మాట దగ్గరే మా కేసు మొదలైంది.

అతను చెప్పింది, తర్వాత నేను చదివి తెలుసుకున్నది కలిపి చెబుతాను. గాటిఫ్లాక్సాసిన్ బ్యాక్టీరియాను చంపే మందే, అందులో లోపం లేదు. కానీ అది క్లోమం మీద కూడా పనిచేసి ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయిస్తుంది. గ్లిబెన్‌క్లమైడ్ చేసే పనీ అదే. రెండూ కలిస్తే షుగరు పాతాళానికి పడిపోతుంది. కొందరిలో దీనికి విరుద్ధంగా షుగరు విపరీతంగా పెరుగుతుంది కూడా. కెనడాలోని ఒంటారియోలో వృద్ధుల రికార్డులు తీసి చూసిన ఒక అధ్యయనం 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మాక్రోలైడ్ రకం యాంటీబయాటిక్స్ వాడిన వాళ్లతో పోలిస్తే ఇది వాడిన వాళ్లు షుగరు పడిపోయి ఆసుపత్రి పాలయ్యే అవకాశం నాలుగు రెట్లు, షుగరు పెరిగి వచ్చే అవకాశం పదహారు రెట్లు ఎక్కువని అందులో తేలింది. అదే ఏడాది అమెరికాలో ఆ మందు అమ్మకం ఆపేశారు. మన దగ్గర నిషేధం రావడానికి 2011 దాకా పట్టింది. నడుమ ఐదేళ్లు.

నేను ట్రెజరీలో పనిచేస్తాను. ఓచరు లేని బిల్లు పాసు చేయని ఉద్యోగం. మెడికల్ రీయింబర్స్‌మెంట్ వచ్చినా రాకపోయినా ఏ మందు కొన్నా బిల్లు అడగడం నాకు అలవాటు. ఆ రోజు షాపబ్బాయి విసుక్కుంటూనే రాసిచ్చాడు: మందు పేరు, ఏడు, బ్యాచ్ నంబరు, తేదీ. ఇంకొకటి మాత్రం కేవలం అదృష్టం. పది బిళ్లల స్ట్రిప్పులోంచి కత్తెరతో ఏడు కత్తిరించి, మూడు తన దగ్గర ఉంచుకున్నాడు. బ్యాచ్ నంబరూ తయారీ నెలా అచ్చేసిన అంచు మా ముక్కకే వచ్చింది. కత్తెర అవతలి పక్క పడి ఉంటే, బిల్లులో అతను గీకిన అంకెల్ని నమ్మించడానికే నాకు ఏడాది పట్టేది. మిగిలిన నాలుగు బిళ్లలూ ఆ ముక్కతో సహా ఒక కవర్లో వేసి, అంటించి, మీద తేదీ రాసి సంతకం పెట్టాను. పారేయొద్దని నాకెవరూ చెప్పలేదు, చెయ్యి దానంతటదే చేసింది.

అమ్మను ఇంటికి తెచ్చాక ప్లీడరుగారిని కలిశాను. వినియోగదారుల కేసులు చేసే పెద్దాయన. కాగితాలన్నీ బల్ల మీద పరిచి, ఒక తెల్లకాగితం మీద అడ్డంగా గీత గీసి తేదీలు వేశారు. మాత్రలు తయారైంది జనవరి 2011. నిషేధం మార్చి 16. అమ్మకు రాసిందీ అమ్మిందీ జూన్.

"అమ్మా, నీకు నాలుగు దారులున్నాయి. నాలుగూ నాలుగు ఊళ్లకు పోతాయి. నీకు ఏ ఊరు కావాలో ముందు చెప్పు" అన్నారు.

మొదటిది పోలీసు కేసు. డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలవాలంటే మామూలు నిర్లక్ష్యం చాలదనీ, చాలా తీవ్రమైనదై ఉండాలనీ సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. ముందుగా మరో డాక్టరు అభిప్రాయం కూడా తీసుకోవాలంది. "ఆయన్ను జైలుకు పంపితే నీ కోపం చల్లారుతుందేమో, మీ అమ్మకు ఆయాను పెట్టడానికి డబ్బు మాత్రం రాదు" అన్నారు.

రెండోది మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు. అక్కడ డాక్టరు రిజిస్ట్రేషన్ మీద చర్య ఉంటుంది, పరిహారం ఉండదు.

మూడోది డ్రగ్ ఇన్‌స్పెక్టరు. ఔషధాల చట్టంలో 26ఏ కింద నిషేధించిన మందును తయారుచేసినా అమ్మినా 28బి కింద మూడేళ్ల వరకూ శిక్ష ఉంది. అదీ రోగికి పైసా ఇవ్వదు. కానీ ఇన్‌స్పెక్టరు షాపుకి వెళ్లి రాసుకొచ్చే పంచనామా మనకు సాక్ష్యం అవుతుంది.

నాలుగోది జిల్లా వినియోగదారుల ఫోరం. ఈ నాలుగింట్లో డబ్బు వచ్చే దారి ఇదొక్కటే. సివిల్ కోర్టుకూ పోవచ్చు గాని అక్కడ అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. ఫోరంలో మేం తొమ్మిది లక్షలు అడిగితే కట్టింది 400 రూపాయలు.

మూడోదీ నాలుగోదీ ఎంచుకున్నాం. ఇన్‌స్పెక్టరుకి ముందు, అదే వారం. ఆలస్యమైతే షాపులో సరుకు మాయమవుతుందని ప్లీడరుగారి భయం. ఆయన భయం నిజమే గాని మేం ముందున్నాం. ఇన్‌స్పెక్టరు వెళ్లేసరికి అదే బ్యాచ్‌వి రెండు నిండు స్ట్రిప్పులూ, మా మూడు బిళ్లల ముక్కా డ్రాయర్లో ఉన్నాయి. మా ముక్కను దాని పక్కన పెట్టి ఫోటో తీశారు. కత్తెర గాటు రెంటికీ సరిగ్గా కలిసింది.

శాంపిల్ ల్యాబుకి వెళ్లింది. రెండు నెలల తర్వాత వచ్చిన రిపోర్టు చదివి నాకు కాళ్లు చల్లబడ్డాయి. 'ప్రామాణిక నాణ్యత కలది' అని ఉంది. అంటే నకిలీ కాదు, నాసి కాదు, చెప్పినంత మందూ అందులో ఉంది. కేసు పోయిందనుకుని ప్లీడరుగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. "ఇదే మనకు కావాల్సింది. మాత్రలో కల్తీ ఉందని మనం అనలేదు. ఆ మాత్రే అమ్మకూడదంటున్నాం. అందులో ఉన్నది అసలైన గాటిఫ్లాక్సాసినేనని ప్రభుత్వమే రాసిచ్చింది" అన్నారు. మందు వికటించిందనగానే మనకు తట్టేది కల్తీ. మా కేసులో కల్తీ లేదు, నాణ్యమైన మందే అమ్మను అలా చేసింది. ఈ తేడా అర్థం కాక ఫిర్యాదులో 'నకిలీ మందు' అని రాసేసి, ల్యాబు రిపోర్టుతో కేసు పోగొట్టుకునే వాళ్లుంటారని ఆయనే చెప్పారు.

ఆసుపత్రి కాగితాల కోసం ఇంకో చిన్న పోరాటం. పెద్దాసుపత్రి వాళ్లు డిశ్చార్జి సమ్మరీ తప్ప ఏమీ ఇవ్వమన్నారు. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం రోగి గాని, రోగి తరఫు వాళ్లు గాని అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఆ మాట రాసి, రసీదు తీసుకుని అర్జీ ఇచ్చాను. మూడో రోజున కేస్ షీటు నకలు చేతికొచ్చింది. గంట గంటకీ చూసిన షుగరు అంకెలు అందులో ఉన్నాయి: 31, 118, 42, 96, 38... ఆ వరస చూస్తే డాక్టరు కాని వాడికైనా అర్థమవుతుంది.

రిజిస్టర్డ్ పోస్టులో నోటీసులు పంపాం. డాక్టరుగారికి, షాపుకి, మందు తయారుచేసిన కంపెనీకి. జవాబులు మూడు వచ్చాయి. నిషేధం గురించి తనకు ఎవరూ తెలియజేయలేదని డాక్టరుగారు. తనకు సర్క్యులర్ అందలేదని, చీటీలో ఉన్నదే ఇచ్చానని షాపాయన. తాము తయారుచేసిన రోజున ఆ మందు చట్టబద్ధమేనని, మార్చి నెలాఖరులోనే స్టాకిస్టులకు సరుకు వాపసు పంపమని ఉత్తరం రాశామని కంపెనీ. మూడింటినీ వరసగా చదివితే ఎవరిదీ తప్పు కాదు. అమ్మ మాత్రం వంటింట్లో నిలబడి, తాను అక్కడికి ఎందుకొచ్చిందో నన్ను అడుగుతోంది.

2011 నవంబరులో ఫోరంలో ఫిర్యాదు వేశాం. మందు వాడి నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలన్నది గడువు, మేం ఐదు నెలల్లోనే వేశాం. ఆర్డరు 2014 ఫిబ్రవరిలో వచ్చింది. వాయిదాలన్నీ చెప్పి విసిగించను. అసలు పోరు ఒక్క ప్రశ్న మీద జరిగింది: అమ్మ షుగరు పడిపోయింది ఆ మాత్ర వల్లేనా?

నిషేధించిన మందు అమ్మారన్నది రుజువైంది. అంతమాత్రాన గెలిచినట్టు కాదని నాకు అప్పుడే తెలిసింది. అవతలి వకీలు వాదన బలంగానే ఉంది. ముసలావిడ, జ్వరం, అన్నం సరిగ్గా తిని ఉండదు, షుగరు మాత్ర మాత్రం మానలేదు, అందుకే పడిపోయింది, గ్లిబెన్‌క్లమైడ్ ఒక్కటే చాలు ఆ పని చేయడానికి. పైగా గాటిఫ్లాక్సాసిన్ కంటి చుక్కలు ఇప్పటికీ అమ్ముతున్నారు, అంత ప్రమాదమైతే వాటినెలా ఉంచారు అని ఒక ప్రశ్న. ఆ చుక్కలు నిజంగానే నిషేధంలో లేవు. కంట్లో వేసే చుక్క ఒంట్లోకి పోయేది అతి స్వల్పం. గవర్నమెంటు మెడికల్ కాలేజీలో ఫార్మకాలజీ ప్రొఫెసరుగారు ఒకరు ఆ సంగతి రాతపూర్వకంగా వివరించి, అఫిడవిట్ ఇచ్చారు. ఒక్క పైసా తీసుకోలేదు.

నిపుణుడి మాట లేకుంటే డాక్టర్ల మీద కేసే వేయకూడదని కొందరు భయపెడతారు. 2010లో మన రాష్ట్రం నుంచే వెళ్లిన వి. కిషన్ రావు కేసులో సుప్రీంకోర్టు అలా కాదంది. మలేరియాకు టైఫాయిడ్ వైద్యం చేస్తే భార్యను పోగొట్టుకున్న ఉద్యోగి ఆయన. ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని ఆ తీర్పు. అయినా మా లాంటి కేసులో, 'దీనివల్లే అది జరిగింది' అని తేల్చాల్సిన చోట, ప్రొఫెసరుగారి అఫిడవిట్ లేకపోతే మేం నిలిచేవాళ్లం కాదనే నా నమ్మకం.

దానికన్నా ఎక్కువ బలం ఇచ్చింది ఒక నోటుపుస్తకం. అమ్మ షుగరు పుస్తకం. ఎర్ర అట్ట, వంద పేజీలది. షుగరు మొదలైన నెల నుంచి ప్రతి నెలా పరీక్ష చేయించుకున్న తేదీ, తినకముందు ఎంత, తిన్నాక ఎంత, ఆ నెలలో వచ్చిన జ్వరాలూ ఉపవాసాలూ తన గుండ్రటి అక్షరాల్లో రాసుకునేది. ఆరేళ్లలో కార్తీక సోమవారాలు ఉపవాసం ఉన్న రోజులున్నాయి, 2008లో పది రోజులు చికున్‌గున్యాతో పడుకున్న రోజులున్నాయి. తినకుండా షుగరు మాత్ర వేసుకున్న సందర్భాలు అన్నమాట. ఒక్కసారీ షుగరు 80కి కిందకు పోలేదు. ఆ పుస్తకాన్ని ఎగ్జిబిట్‌గా, అంటే సాక్ష్యంగా, పెట్టాం.

కేసు వేశాక కూతురే కూర్చుని రాసిందని అవతలి వకీలు అభ్యంతరం చెప్పారు. అమ్మ చేతే నాలుగు ముక్కలు రాయించి పోల్చి చూడాలన్నారు. అమ్మను తీసుకెళ్లాం. ఫోరంలో మహిళా మెంబరుగారు తన బల్ల దగ్గరికి పిలిచి, కుర్చీ వేయించి, తెల్లకాగితం, పెన్ను చేతికిచ్చారు. "మీ పేరు రాయండమ్మా, తొందరేం లేదు" అన్నారు. అమ్మ పెన్ను పట్టుకుంది. మొదటి అక్షరం వేసింది, తలకట్టు పక్కకి జారింది. ఆగి, నా వైపు తిరిగి, "తర్వాతేంటే?" అంది.

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. అవతలి వకీలు తల దించుకుని కాగితాలు సర్దుకున్నారు. ఆయన తన పని తాను చేశారు, ఆయన మీద నాకు కోపం లేదు. దస్తూరీ పోలికకి చివరికి అమ్మ ఫ్యామిలీ పెన్షన్ కోసం ఏళ్ల కిందట స్వహస్తంతో రాసిచ్చిన అర్జీ నకలు పనికొచ్చింది. అదీ ట్రెజరీ ఫైల్లోదే.

డాక్టరుగారూ షాపూ కలిసి మూడున్నర లక్షలు, ఫిర్యాదు వేసిన నాటి నుంచి 9 శాతం వడ్డీ, ఖర్చుల కింద పది వేలు ఇవ్వాలని ఆర్డరు వచ్చింది. గెజిట్‌లో వచ్చాక తెలియదన్న మాట చెల్లదన్నారు. కంపెనీ మీద మాత్రం ఫిర్యాదు కొట్టేశారు. నిషేధానికి ముందు తయారైంది, వాపసు ఉత్తరం రాసింది కాబట్టి. దీన్ని నేను ఈ రోజుకీ ఒప్పుకోను. ఉత్తరం రాయడం వేరు, సరుకు వెనక్కి వచ్చిందో లేదో లెక్క చూసుకోవడం వేరు. స్ట్రిప్పు మీద 'షుగరు ఉన్నవారు వాడరాదు' అన్న ఒక్క ముక్క లేదు. ఉన్న హెచ్చరిక కాగితం పెద్ద డబ్బాలో ఉండి షాపులోనే ఆగిపోతుంది. కత్తిరించి ఇచ్చిన ఏడు బిళ్లలతో అది ఇంటికి రాదు. డాక్టరుగారూ షాపూ అప్పీలుకు వెళ్లారు, ఆర్డరు నిలిచింది, డబ్బు వచ్చింది. కంపెనీ మీద మేం అప్పీలు వేయలేదు. నాకు ఓపిక అయిపోయింది.

నా కథ తెలిసి ఎవరెవరో వచ్చి అడుగుతుంటారు. వాళ్లకు మారిన సంగతులు చెబుతాను. మేం నడిచింది 1986 వినియోగదారుల చట్టం కింద. 2020 జూలై నుంచి 2019 చట్టం వచ్చింది. అందులో 'ఉత్పత్తి బాధ్యత' అని ఒక అధ్యాయమే ఉంది. సరైన హెచ్చరిక ఇవ్వకపోతే తయారీదారు మీద నేరుగా పరిహారం అడగొచ్చు. కానీ 87వ సెక్షను చదవకుండా సంబరపడొద్దు. నిపుణుల పర్యవేక్షణలోనే వాడాల్సిన వస్తువైతే, ఆ నిపుణులకు హెచ్చరిక చేరేలా తగిన ప్రయత్నం చేశానని కంపెనీ చూపిస్తే, హెచ్చరిక లోపం కింద బాధ్యత ఉండదు. డాక్టరు చీటీ మందులు సరిగ్గా ఆ కోవలోకే వస్తాయి. అంటే కంపెనీ డాక్టరుకు చెప్పిందా అన్నదే మీ కేసు అవుతుంది. ఇంకో మార్పు మేలైనది. ఫోరాన్నే ఇప్పుడు కమిషన్ అంటున్నారు. ఇప్పుడు ఏ కమిషన్‌కి వెళ్లాలన్నది అడిగే పరిహారాన్ని బట్టి కాదు, కొన్న వస్తువుకు ఇచ్చిన డబ్బును బట్టి. రెండొందల మందుకు యాభై లక్షలు అడిగినా జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, ఫీజు లేదు. మీరు ఉండే ఊరి కమిషన్‌లోనే వేయొచ్చు. గడువు మాత్రం అదే రెండేళ్లు.

2024 ఆగస్టులో ఒకేసారి 156 రకాల కలయిక మందులను (ఒకదాంట్లోనే రెండు మూడు మందులు కలిపినవి) నిషేధించినప్పుడు మా ఆఫీసులో ఒకాయన వచ్చారు. వాళ్ల నాన్నగారు నిషేధానికి ఏడాది ముందు అందులో ఒకటి వాడారట. ఆయన్ను మా ప్లీడరుగారి కొడుకు దగ్గరికి తీసుకెళ్లాను, పెద్దాయన ఇప్పుడు లేరు. ఆ అబ్బాయీ ముందు తెల్లకాగితం మీద గీత గీశాడు. నష్టం నిషేధానికి ముందు జరిగితే నిషేధం ఒక్కటే చూపి గెలవలేమన్నాడు. ఆ రోజు నాటికి ఆ ప్రమాదం డాక్టరుకీ కంపెనీకీ తెలిసి ఉండాల్సిందని విడిగా రుజువు చేయాలి, విదేశాల్లో ముందే ఆపేసి ఉంటే ఆ కాగితాలు తేవాలి. అమ్మకు మాత్రలు మార్చి 16కి ముందు రాసి ఉంటే మా కేసూ ఆ దారినే నడిచేది, గెలిచేవాళ్లమో లేదో చెప్పలేను.

ఇంకొక పని కేసుతో సంబంధం లేకుండా చేయండి. మందు వికటిస్తే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పొచ్చు, రోగులు నింపే ఫారం తెలుగులోనూ ఉంది. అలాంటి రిపోర్టులు పోగైతేనే ఒక మందు మీద ఢిల్లీలో కదలిక వస్తుంది. అమ్మ సంగతి ప్రొఫెసరుగారు తమ కాలేజీ నుంచి పంపించారు.

అమ్మకు ఇప్పుడు 76. గ్లిబెన్‌క్లమైడ్ అప్పుడే మాన్పించారు. ఎగ్జిబిట్లు వాపసు ఇమ్మని అర్జీ పెట్టి ఎర్ర అట్ట పుస్తకం తెచ్చుకున్నాను. మొదటి పేజీలో ఫోరం ముద్ర ఉంది. అమ్మ ఆపిన చోటు నుంచి నేను రాస్తున్నాను: తేదీ, తినకముందు, తిన్నాక. పక్కన కొత్తగా ఇంకో గడి గీశాను. ఆ నెలలో వేసుకున్న ప్రతి కొత్త మందు పేరూ, దాని బ్యాచ్ నంబరూ అందులో రాస్తాను.